ముప్పై ఏడో కిలోమీటరు

నవంబరు 17, ఆదివారం

మైపాడు ఇసుకలో పద్నాలుగు కిలోమీటర్లు. నాకు గంటా నలభై రెండు నిమిషాలు. మెర్లిన్‌కు గంటా ముప్పై నాలుగు.

ఎనిమిది నిమిషాల తేడా. పోయిన నెల ఐదే ఉండింది.

నేను చేరేసరికి ఆమె ఒడ్డుకు లాగిన పడవ నీడలో కూర్చొని ఉంది. సీసాలో సగం నీళ్లు నాకు మిగిల్చింది. "మెల్లిగా రాండక్కా, నేనేం మిమ్మల్ని వదిలి పోయేదాన్ని కాదులే" అంది. నవ్వుతూనే, మంచి మనసుతోనే అంది. ఈ మధ్య మంచి మనసుతో అన్న మాటలే నాకు ఎక్కువ గుచ్చుకుంటున్నాయి.

నాలుగేళ్ల క్రితం ఈ పిల్లకు పరుగంటే ఏమిటో తెలియదు. రొయ్యల గుంటల నీళ్లు పరీక్ష చేసే ల్యాబ్‌లో పని, సైకిల్ మీద రాకపోకలు. వాళ్ల చర్చి ఆటల పోటీలకు నన్ను జడ్జిగా పిలిచారు. స్కూల్లో డ్రిల్లు టీచర్ని కదా, అందరూ పిలుస్తారు. ఆ రోజు మెర్లిన్ చెప్పుల్లేకుండా పరుగెత్తి మగపిల్లల్ని కూడా దాటిపోయింది. వాళ్లమ్మ రెబెక్కమ్మ దగ్గరికి వెళ్లి ఒప్పించింది నేను. మొదటి బూట్లు కొనిచ్చింది నేను. పాదం ఎలా వేయాలో, ఎక్కేటప్పుడు ఊపిరి ఎలా తీయాలో నేర్పింది నేను.

ఇదంతా రాసుకుంటే ఎనిమిది నిమిషాలు తగ్గవు. తెలుసు.

నవంబరు 24

తుఫాను షెల్టర్ మెట్లు. ఎక్కి దిగడం డెబ్భై సార్లు. సముద్రం పక్కన బతికేవాళ్లకు కొండ ఎక్కడ దొరుకుతుంది? ఉన్నది ఈ రెండంతస్తుల మేడే.

మెర్లిన్ ఎనభై ఐదు సార్లు.

డిసెంబరు 3

పేరు ఇచ్చేశాను. వెలిగొండల్లో ఫిబ్రవరి రెండున పరుగు, యాభై రెండు కిలోమీటర్లు. నెల్లూరులో రన్నింగ్ క్లబ్ నడిపే కిషోర్ బాబు ఏర్పాటు చేస్తున్నాడు. ఆడవాళ్లలో మొదటి ఇద్దరినీ మే నెలలో ఉత్తరాఖండ్ కొండల్లో జరిగే పెద్ద పోటీకి క్లబ్ పంపిస్తుందట. బెంగళూరు నుంచి ఒకామె వస్తోంది. ఆమె టైమింగులు చూశాను. మొదటి స్థానం గురించి ఎవరూ కలలు కనక్కర్లేదు. మిగిలింది ఒక్కటే.

మెర్లిన్ కూడా పేరు ఇచ్చింది. తనకు ఉత్తరాఖండ్ ముఖ్యం కాదంటుంది. ఫారెస్టు బీట్ ఆఫీసర్ ఉద్యోగానికి రాతపరీక్ష పాసైంది. ఏప్రిల్లో నడక పరీక్ష ఉంది, నాలుగు గంటల్లో పదహారు కిలోమీటర్లు. "అది నాకు లెక్కలేదక్కా. ఊరికే కొండ అలవాటవుతాదని వస్తా ఉండా" అంది.

ఊరికే.

నేను పంతొమ్మిదేళ్లప్పుడు మూడు వేల మీటర్లలో రాష్ట్ర జట్టుకు ఎంపికయ్యాను. పోటీ పంజాబులో. మా పొలంలో నాట్లు పడే రోజులు. నాన్న ట్రాక్టరు దిగకుండానే, వద్దు అని ఒక్క మాట అన్నాడు. తర్వాత ఎవరూ దాని గురించి మాట్లాడలేదు. అమ్మ కూడా. ఇప్పుడు నాకు నలభై ఒకటి. ఇరవై ఏళ్లుగా ఎండలో నిలబడి ఇతరుల పిల్లల్ని పరుగెత్తిస్తున్నాను. నాకు ఊరికే ఏదీ రాలేదు.

జనవరి 19

దారి చూసి వచ్చాం. కిషోర్ బాబు జిల్లాలోని వాళ్లందరినీ వ్యాన్లో తీసుకెళ్లాడు. మెర్లిన్ రాలేకపోయింది. గుంటల్లో రొయ్యలకు తెల్లమచ్చ తెగులు తగిలిందట, ల్యాబ్‌లో రాత్రీ పగలూ శాంపిళ్లే.

కొండ కింది ఊరి హజరత్తయ్య మాకు దారి చూపించాడు. అరవై దాటిన మనిషి. అటవీశాఖలో రోజుకూలీ కాపలా పని. పరుగుకు ముందురోజు దారి పొడవునా నీలం రిబ్బన్లు కట్టే బాధ్యత ఆయనదే.

ముప్పై ఏడో కిలోమీటరు దగ్గర ఎండిన వాగు దాటగానే దారి రెండుగా చీలుతుంది. ఎడమది వెడల్పుగా, పోదాం రమ్మన్నట్టు ఉంటుంది. కుడిది వెదురు పొదల పక్కనుంచి సన్నగా పైకి పోతుంది. "ఎడమ పక్కది మోసం మేడం. బాగుందని దిగినారంటే బండల్లో పడతారు. లోయలో దిగినోళ్లకి పైకి దారి ఉండదు" అన్నాడు హజరత్తయ్య.

సాయంత్రం మెర్లిన్ ఫోన్ చేసింది, దారి ఎట్టా ఉందక్కా అని. ఏముంది, రిబ్బన్లు చూసుకుంటూ పోవడమే అన్నాను.

అబద్ధం కాదు అది.

ఫిబ్రవరి 1

కొండ కింద స్కూల్లో పడక. రెబెక్కమ్మ నెల్లూరు బస్టాండు దాకా వచ్చి, ఇద్దరికీ అన్నం మూటలు ఇచ్చింది. రొయ్యల షెడ్డులో తలలు తీసి తీసి ఆమె వేళ్లు తెల్లగా నానిపోయి ఉంటాయి. ఆ వేళ్లతో నా చెయ్యి పట్టుకొని, బిడ్డ మీ వెనకాలే ఉంటాది, చూసుకోండి టీచరమ్మా అంది.

నా వెనకాల ఎక్కడ? నా ముందు.

ఫిబ్రవరి 2

రెండో స్థానం. పది గంటల నలభై ఒక్క నిమిషాలు. కాళ్లు మండుతున్నాయి. మిగతాది రేపు.

ఫిబ్రవరి 3

మెర్లిన్ దొరికింది. పొద్దున ఆరున్నరకు. ప్రాణంతో ఉంది. అది చాలు.

ఫిబ్రవరి 5

ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

మెర్లిన్ ముప్పై ఏడు దగ్గర దారి తప్పింది. ఎడమ పక్కకు దిగి బండల మీద జారిపడింది. కుడికాలు చీలమండ దగ్గర విరిగి, కీలు పక్కకు తప్పిపోయింది. మధ్యాహ్నం పన్నెండున్నరకు పడితే మర్నాడు పొద్దునకు గాని మనుషులు చేరలేదు. పరుగు ముగించాల్సిన గడువు సాయంత్రం ఏడు. అప్పటికీ రాకపోయేసరికి వెతకడం మొదలుపెట్టారు. హజరత్తయ్య, ఇంకో నలుగురు రాత్రంతా తిరిగారు. నేనూ వస్తానన్నాను. మీరు అలసిపోయారు, ఉండండి అన్నారు. ఉన్నాను.

సాయంత్రం ఐదుకు రెబెక్కమ్మ ఫోన్ చేసింది. వెనక వస్తోందమ్మా అని చెప్పాను. నిజంగానే వెనక వస్తోందనుకున్నాను. దారిలో ఎక్కడైనా నేను ఆమెను దాటేసి ఉంటాను, చూసుకోకుండా. పరుగులో అలా జరుగుతుంది. ఒకరు పొదల చాటుకు వెళ్తారు, ఇంకొకరు దాటిపోతారు.

నాకు కనబడలేదు.

ఫిబ్రవరి 9

నెల్లూరు ఆసుపత్రిలో మెర్లిన్‌కు రెండో ఆపరేషన్. కీలు తప్పిన ఎముక చాలాసేపు చర్మాన్ని నొక్కి ఉండటం వల్ల అక్కడ చర్మం చచ్చిపోయిందట. రెబెక్కమ్మ వరండాలో చాప వేసుకొని కూర్చుంది. నన్ను చూడగానే లేచి నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. రాత్రి నేనే ఉంటాను, మీరు ఇంటికి వెళ్లి స్నానం చేసి రండి అన్నాను.

మెర్లిన్ మత్తులో ఉంది. ఒకసారి కళ్లు తెరిచి నన్ను చూసింది. మళ్లీ మూసుకుంది.

ఫిబ్రవరి 13

స్కూల్లో సన్మానం. శాలువా, పూలదండ. హెడ్‌మాస్టరు గారు నలభై దాటిన మహిళలకు నేను ఆదర్శమన్నారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. నాకు ఇరవై రెండేళ్లుగా కావలసిన చప్పట్లు ఇవే. అన్నం సయించలేదు. ఎండదెబ్బ అనుకుంటాను.

ఫిబ్రవరి 16

క్లబ్ మీటింగు. కిషోర్ బాబు హజరత్తయ్యను కూడా పిలిపించాడు. ఆ చీలిక దగ్గర రిబ్బన్లు లేవని వెతకడానికి వెళ్లినవాళ్లు చెప్పారు. నేను కట్టినానయ్యా, మూడు కట్టినా, కోతులు పీకి ఉంటాయి అన్నాడాయన. తాగి మరిచిపోయి ఉంటావు అన్నారు ఎవరో. ఆయన తాగడు. ఎవరూ అడ్డు చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

ఆయన్ని కాపలా పనిలోంచి కూడా తీసేశారట.

నేను ఆ రిబ్బన్లు చూశాను. వెదురు పొదల పైన, మనిషికి అందని, కోతికే అందే ఎత్తులో, నీలం పేలికలు వేలాడుతున్నాయి. చూశానని ఎలా చెప్పను? చెబితే, అక్కడ ఆగావా అంటారు. ఆగితే ఇంకేం చూశావు అంటారు.

ఫిబ్రవరి 18

నాకు ఏదో నారింజ రంగు కనబడింది. ఎడమ దారిలో, కింద. వాలంటీర్లు కూడా నారింజ బనియన్లే వేసుకున్నారు.

ఫిబ్రవరి 19

వాలంటీర్లవి ఆకుపచ్చవి.

ఫిబ్రవరి 23

డాక్టరు మాట్లాడాడు. పాదం తీసేయక్కర్లేదు. కానీ చీలమండ కీలుకు రక్తం అందక ఎముక దెబ్బతింది. కీలును కదలకుండా బిగించేస్తారు. నడుస్తుంది, కుంటుతూ. పరుగు లేదు.

నడక పరీక్ష సంగతి రెబెక్కమ్మ అడిగింది. ఏప్రిల్ అంటే ఇంకో పుట్టుక ఎత్తాలమ్మా అన్నాడు. మూడు నాలుగు గంటల్లో తెచ్చి కీలు సరిచేసి ఉంటే ఇంత అయ్యేది కాదని కూడా అన్నాడు. నా పక్కన నిలబడే అన్నాడు.

మెర్లిన్ గోడవైపు తిరిగి పడుకుంది.

ఫిబ్రవరి 24

కనబడింది. సరే. కనబడింది.

వాగు దాటేసరికి ఆమె నాకు రెండు వందల అడుగుల ముందు ఉంది. గంటసేపటినుంచి అంతే దూరం. నేను వేగం పెంచితే ఆమె పెంచుతోంది, తెలియకుండానే. చీలిక దగ్గర ఒక్క క్షణం ఆగి అటూ ఇటూ చూసింది. రిబ్బను కోసం వెతికింది. ఎడమకు తిరిగి దిగింది. నారింజ బనియను మలుపులో మాయమయ్యేదాకా నేను వాగులో నిలబడి చూశాను.

ఒక్క కేక చాలు. నా గొంతు సంగతి స్కూల్ గ్రౌండులో అందరికీ తెలుసు, ఆ చివరనున్న పిల్లలు కూడా వెనక్కి తిరుగుతారు. ప్రతివాళ్ల సంచిలో విజిల్ ఉండాలని నియమం. నాది మెడలోనే ఉంది. అలవాటు.

ఏమనుకున్నానో కూడా గుర్తుంది. కొద్ది దూరం పోయి, దారి కాదని తెలుసుకొని, తనే వెనక్కి వస్తుంది. పది నిమిషాలు పోతాయి. పది నిమిషాలు చాలు నాకు. కుర్ర పిల్ల, ఇంకో ఏడాది వస్తుంది, ఇంకో పోటీ వస్తుంది. నాకు రాదు.

అలా లెక్క వేసుకొని కుడివైపు ఎక్కాను.

ఫిబ్రవరి 25

నిన్న రాసింది చించేద్దామనుకున్నాను. చించలేదు. అది అంతా కాదు గనక.

కుడి దారి పైకి పోయి, లోయ అంచున ఒకచోట బయటపడుతుంది. అక్కడికి చేరేసరికి విజిల్ వినబడింది. మూడుసార్లు. ఆగి మళ్లీ మూడుసార్లు. ఆపదలో అలా ఊదాలని నేర్పింది కూడా నేనే. అంచు దగ్గరికి వెళ్లి కిందికి చూశాను. బండల మధ్య నారింజ రంగు. చెయ్యి ఎత్తి ఊపుతున్నట్టు ఉంది.

నిలబడ్డాను. ఎంతసేపో చెప్పలేను. తర్వాత పిట్ట అనుకున్నాను. అవును, ఆ మాటే అనుకున్నాను, పైకి కూడా అన్నాను, పిట్ట కూస్తోంది అని. పక్కన ఎవరూ లేరు.

తర్వాతి చెక్ పాయింటులో వాలంటీరు అడిగాడు, నూట పద్నాలుగు నంబరు ఇంకా రాలేదు, చూశారా అని. అది మెర్లిన్ నంబరు. అక్కడ ఫోన్లకు సిగ్నల్ లేదు. నేను చెబితేనే వాళ్లకు తెలుస్తుంది. లేదన్నాను. గ్లాసుడు మజ్జిగ తాగాను.

మార్చి 2, ఆదివారం

రెబెక్కమ్మ చర్చికి రమ్మంది. ఆరాధన మధ్యలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పింది. బిడ్డ ప్రాణం నిలిపినందుకు దేవుడికి స్తోత్రం చెల్లించి, పన్నెండు రాత్రులు ఆసుపత్రిలో బిడ్డ మంచం పక్కన కూర్చున్న టీచరమ్మను దేవుడే పంపినాడని చెప్పింది. అందరూ నా వైపు తిరిగారు. పాస్టరు గారు నా కోసం ప్రార్థన చేశారు. పేరు పెట్టి, చెంచులక్ష్మి గారు అని.

నేను కళ్లు మూసుకొని కూర్చున్నాను. వాళ్లు భక్తి అనుకొని ఉంటారు.

మార్చి 4

మా ఆయనకు చెప్పాను. పొలం నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటుంటే చెప్పాను. చెంబు చేతిలో పట్టుకొని అలాగే వింటూ ఉండిపోయాడు.

పెళ్లయిన పద్దెనిమిదేళ్లలో నన్ను ఒక్క మాట అనని మనిషి. ఇప్పుడూ తిడతాడని కాదు నేను భయపడింది. పోనీలే అంటాడని భయపడ్డాను. లోలోపల అదే కోరుకున్నాను కూడా.

"నాకెందుకు చెప్పినావు?" అన్నాడు. "నీ బరువు నేను సగం మోయాలనా? ఆ పిల్లకి చెప్పు. వాళ్లమ్మకి చెప్పు."

మిగిలిన నీళ్లు కాళ్ల మీద పోసుకొని లోపలికి వెళ్లాడు. రాత్రి అన్నం తనే వడ్డించుకున్నాడు.

మార్చి 5

వెళ్లలేదు. స్కూల్లో పని.

మార్చి 6

వెళ్లలేదు.

మార్చి 9, ఆదివారం

వెళ్లాను.

చర్చి నుంచి వచ్చి రెబెక్కమ్మ టీ పెడుతోంది. మెర్లిన్ మంచం మీద, కాలు దిండు మీద పెట్టుకొని కూర్చుంది. పాదం నుంచి మోకాలి దాకా పట్టీ. నాకు కుర్చీ వేసి, టీ గ్లాసు చేతికిచ్చి, రెబెక్కమ్మ నా ఎదురుగా గడపలో కూర్చుంది. ఎండలో వచ్చినారే టీచరమ్మా, ఫోన్ చేసుంటే పిల్లే మాట్లాడేది కదా అంది.

గ్లాసు కింద పెట్టి చెప్పడం మొదలుపెట్టాను. వాగు, చీలిక, నారింజ బనియను. వరుసగా, ఈ పుస్తకంలో రాసినట్టే చెప్పాను. దారి చూసి వచ్చిన రోజు ఫోన్లో ఏం దాచానో కూడా చెప్పాను. విజిల్ దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాను.

మెర్లిన్ అందుకుంది. గొంతు పెంచలేదు. ల్యాబ్ రిపోర్టు చదివినట్టు చెప్పింది.

"నాకు తెలుసక్కా. మీరు అంచు మీద నిలబడి చూసినారు. మీ పసుపు టోపీ కనబడతానే ఉంది. మీరు చూసినారని తెలిసి నేను ఊదడం ఆపేసినా."

నాకు అర్థం కాలేదు. ఎందుకు ఆపావు అన్నాను.

"అక్క చూసింది గదా, చెక్ పాయింట్‌కి పోయి చెప్తాది, గంటలో మనుషులొస్తారు అనుకున్నా. ఊరికే ఊపిరి దండగెందుకని ఆపేసినా. నా వెనకాల వచ్చినోళ్లు ఆడ పైన్నే పోయినారు. మాటలు వినబడినాయి. నేను ఊదలా. అక్క చెప్పుంటాదిలే, వీళ్లకెందుకు పరుగు చెడగొట్టడం అని. పొద్దు వాలినాక మళ్లీ ఊదినా. అప్పటికి పైన ఎవురూ లేరు."

వీధిలో చేపలమ్మే బండి హారన్ కొడుతూ పోయింది.

ఇన్ని రోజులు ఎందుకు చెప్పలేదు అని అడిగాను. నాకే తెలుసు, అడగడానికి నాకు హక్కు లేదు. మెర్లిన్ పట్టీ మీద చేయి పెట్టుకుంది. "చెప్తే నిజమైపోతాది. మీరు చూళ్లేదేమో, ఎండలో నాకే అట్టా అనిపించిందేమో అనుకుంటా వచ్చినా. ఆసుపత్రిలో మీరు నా పక్కన కూర్చున్నప్పుడంతా అదే అనుకున్నా. ఇప్పుడు మీరే చెప్పేసినారు."

రెబెక్కమ్మ లేచింది. ఆమె నన్ను కొడుతుందనుకున్నాను. నా కాళ్ల దగ్గరున్న టీ గ్లాసు తీసుకొని, వాకిట్లోకి వెళ్లి, పారబోసి వచ్చింది. గ్లాసు కడిగి బోర్లించింది.

"సాయంత్రం అయిదుకి ఫోన్ చేస్తే ఏం చెప్పినావు నాకు?" అంది. అంతవరకు మీరు అని పిలిచిన మనిషి. "వెనక వస్తా ఉందన్నావు. నేను స్టవ్వు వెలిగించి వంట మొదలుపెట్టినా. బిడ్డ ఆకలితో వస్తాదని."

నేను క్షమించమనలేదు. ఆ మాట నోటిదాకా వచ్చింది గాని, అది కూడా నేను వాళ్ల నుంచి పట్టుకుపోయే వస్తువులాగా అనిపించింది. లేచి వచ్చేశాను.

మార్చి 12

కిషోర్ బాబుకు రాసి పంపాను, అంతా. రిబ్బన్లు కోతులు పీకినవేనని, నా కళ్లతో చూశానని ముందుగా రాశాను. అరగంటలో ఫోన్ చేశాడు. ఇప్పుడు ఎందుకు మేడం ఇదంతా అన్నాడు. ఆ పిల్ల వాళ్లు కేసు పెట్టలేదు, అందరూ మరిచిపోతున్నారు, వచ్చే ఏడాది అనుమతులు రావు, ఆలోచించండి అన్నాడు. క్లబ్ వాట్సాప్ గ్రూపులో పెట్టమంటే పెట్టనన్నాడు. నేనే పెట్టాను.

రాత్రికల్లా నూట నలభై మంది చదివారు. ఒక్కరూ జవాబు ఇవ్వలేదు. తర్వాత నన్ను గ్రూపులోంచి తీసేశారు.

మార్చి 15

రెండో స్థానం, నా వెనక మూడో స్థానంలో వచ్చిన తిరుపతి అమ్మాయికి ఇచ్చారు. ట్రోఫీ కొరియర్‌లో పంపాను. శాలువా ఏం చేయాలో తెలియక మా ఆయన పొలానికి తీసుకెళ్లి మోటారు మీద కప్పాడు.

మార్చి 17

ఫారెస్టు రేంజి ఆఫీసుకు వెళ్లి హజరత్తయ్య తప్పు లేదని రాసిచ్చాను. చూస్తామన్నారు. అక్కడినుంచి ఆయన ఊరు వెళ్లాను. గొర్రెల దొడ్డి దగ్గర ఉన్నాడు. చెప్పిందంతా విని, "ఇప్పుడు చెప్పినారా మేడం" అన్నాడు. గొర్రెల్ని తోలుకొని వెళ్లిపోయాడు. కోపంగా అని ఉంటే బాగుండేది.

మార్చి 30

స్కూల్లో తెలిసిపోయింది. టీచర్ల గదిలో నేను వెళ్తే మాటలు ఆగుతాయి. గ్రౌండులో తొమ్మిదో తరగతి పిల్లొకతె అడిగింది, పడిపోయిన వాళ్లను చూసి ఆగితే ఓడిపోయినట్టేనా మేడం అని. వెక్కిరింపు కాదు, నిజంగానే అడిగింది. ఆగాలి అన్నాను.

నేను పరుగెత్తి రెండు నెలలైంది.

ఏప్రిల్ 13

నెల్లూరులో నడక పరీక్ష ఇవాళ. పేపర్లో చూశాను.

ఏప్రిల్ 27

మెర్లిన్ ఫోన్ చేసింది. పేరు చూసి ఎత్తడానికి చాలాసేపు పట్టింది.

"డాక్టరు తడి ఇసకలో నడవమన్నాడు. అమ్మ అయిదుకే షెడ్డుకి పోతాది. ఇసకలో పాదం ఎట్టా వేయాల్నో ఈడ మీకు తప్ప ఎవరికీ తెలవదు. అందుకని అడగతా ఉండా. ఇంకేం అనుకోబాకండి."

వస్తానన్నాను. అమ్మకి తెలుసా అని అడిగాను. తెలుసు, ఇష్టం లేదు అంది. ఫోన్ పెట్టేసింది.

ఏప్రిల్ 29

పొద్దున అయిదున్నర. ఆటోలో వచ్చింది. చేతికర్ర. కుడిపాదం ఒక చెక్కలా, వంగకుండా పడుతోంది. నేను చేయి అందించబోయాను. కర్ర ఆ చేతిలోకి మార్చుకుంది.

అల వెనక్కి పోయిన చోట ఇసుక గట్టిగా ఉంటుంది, అక్కడ నడవమన్నాను. కాలి ముందు భాగం మీద బరువు పెట్టొద్దు, మొత్తం పాదం ఒకేసారి దించు, అడుగు చిన్నది వెయ్యి అన్నాను. చెప్పినట్టే చేసింది. నాలుగేళ్లూ చెప్పినట్టే చేసిన పిల్ల.

ఆమె పడితే పట్టుకోవడానికి వీలుగా నేను రెండడుగులు వెనక నడుస్తున్నాను. ఇరవై అడుగులు వేసిందో లేదో ఆగిపోయింది. నొప్పా అని అడిగాను. కాదంది. సముద్రం వైపే చూస్తోంది. మెడ మీద చెమట కారుతోంది.

"మీరు ముందర నడవండక్కా" అంది. "ఎనకాల ఉంటే నాకు భయంగా ఉంది."

నేను ఆమెను దాటి ముందుకు వెళ్లాను. నడుస్తున్నాను. వెనక కర్ర ఇసుకలో దిగుతున్న చప్పుడు, తర్వాత పాదం ఈడ్చిన చప్పుడు. అల వచ్చినప్పుడల్లా రెండూ వినబడటం లేదు. వినబడనప్పుడల్లా పడిపోయిందేమో అనిపిస్తోంది. ఒకసారి వెనక్కి తిరిగాను. నడుస్తోంది. రెండోసారి తిరగబోతే, "తిరగబాకండి" అంది.

రెండు వందల అడుగులు వేసింది ఇవాళ. ఎల్లుండి మళ్లీ రమ్మంది.